కడియం దున్నిన పొలం

నా చీటీ మీద నలభై ఒకటి ఉంది. బల్ల దగ్గర పంతొమ్మిది నడుస్తోంది. నగరి, అంటే మా ఊరి, కచేరీ హాల్లో నాలుగు ఫ్యాన్లు, తిరిగేది ఒకటే, అదీ ఆఫీసు వాళ్ళ నెత్తిమీద. ఇటు పక్క మేం నూటయాభై మందిమి ప్లాస్టిక్ కుర్చీల్లో చెమట కక్కుతున్నాం, ఒక్కొక్కరి ఒళ్ళో ఒక అట్టపెట్టె. టోల్ రోడ్డు వాళ్ళు పంచారు. అందులో అరటాకులో చుట్టిన జిగురన్నం ముద్ద, ఆకుపచ్చ కేకు ముక్క, మూత అంటించిన గ్లాసులో నీళ్ళు. మూడేళ్ళు వాళ్ళ మీద అరిచాను, వాళ్ళు పాతిన సర్వే కర్రలు పీకి వాగులో పారేశాను, ఈ పొద్దున వాళ్ళ పిల్ల నవ్వుతూ ఆ పెట్టె చేతికిస్తే థాంక్స్ చెప్పి తీసుకున్నాను. నోరు ఎంత సిగ్గులేనిది. మర్యాద, అలవాటు, అంతే అనుకున్నాను, కానీ ఈ రోజు ప్రతి చిన్నదీ ముల్లులా గుచ్చుకుంటోంది, ఎందుకో తెలియదు, తెలుసేమో కూడా తెలియదు. నా పని చాలా చిన్నది. పిలిస్తే వెళ్ళాలి, 'భూమి యజమాని' అన్న చోట మర్నిస్ అని సంతకం పెట్టాలి. వాగు మలుపులో మా పెద్ద మడి, రెండు వేల మూడు వందల చదరపు మీటర్లు, ఆ సంతకంతో రోడ్డు కిందికి పోతుంది, దాని పరిహారం మా అమ్మమ్మ సంతానానికి వస్తుంది. మా జనంలో భూమి ఆడవాళ్ళది, తల్లి నుంచి కూతురికి పోతుంది, మగవాడు దానికి కాపలా. ఆ కాపలా బిరుదు మోస్తున్నవాడు మా తమ్ముడు ఎద్వార్, మా వంశానికి దాతుక్, వాడి సంతకం పొద్దున్నే అయిపోయింది. ఇక నాదే మిగిలింది. సంతకం పెట్టడానికి ఎంతసేపు పడుతుంది, ఆవలింత కంటే తక్కువ.

ఇరవై. ఇరవై రెండు, ఇరవై ఒకటో నంబరు మనిషి పోయినేడు చచ్చిపోయాడు, వాళ్ళ పిల్లలు వేరే కాగితాలు తెచ్చుకోవాలట. మైకులో చనిపోయినవాడి పేరు మూడుసార్లు పిలిచారు, ఎవరూ పలకలేదు, నాలుగోసారి వెనకనుంచి ఎవరో "గట్టిగా పిలవండి, కొండ పక్క పాతిపెట్టాం, దూరం" అన్నారు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ముసలి మరాజో తన దురియన్ చెట్ల జాబితా ఎత్తి చూపించి, "నలభై ఏళ్ళ చెట్టుకి ఇంత కట్టారు, నాకు డెబ్భై ఆరు, నన్నెంతకి కడతారు" అని అడుగుతున్నాడు, బల్ల వెనక ఉన్న కళ్ళద్దాల ఆఫీసరు, జావా నుంచి బదిలీ మీద వచ్చినవాడు, కాయలు కాసేవాటికే రేటు పాక్, అని మర్యాదగానే అన్నాడు. మంచి జవాబే. మనిషి చెడ్డవాడు కాదు. ఈ ఆఫీసర్లలో చెడ్డవాడు ఎవడూ కాదు, అదే బాధ, ఎవడి మీద అరవాలో తెలియకుండా అరిచాను మూడేళ్ళు. మొదట్లో వాళ్ళు చదరపు మీటరుకి ఒక ప్లేటు సాతె ఖరీదు చెప్పారు, నేను మైకు లాక్కుని, మా ఏడు తరాల అమ్మమ్మలని ఒక ప్లేటు మాంసం ముక్కలకి కొంటారా అని అరిచాను, ఆ మాట జిల్లా అంతా పాకింది. ఏడు తరాల అమ్మమ్మల భూమి. గోడల మీద రాశారు. నేనే రాయించాను. రేటు ఐదింతలు పెరిగింది. ఈ హాల్లో కూర్చున్నవాళ్ళందరికీ ఆ పెరిగిన రేటే దక్కుతోంది, అందుకే నేను లోపలికి రాగానే లేచి కుర్చీ ఇచ్చారు.

కుర్చీ ఇచ్చింది యుర్నిదా పక్కన. యుర్నిదా చేతిలో చీటీ లేదు. రోడ్డు పోయే దారిలో ఆమె పేరున జానెడు నేల లేదు, అందుకని అట్టపెట్టె కూడా ఇవ్వలేదు. నాకంటే ఐదారేళ్ళు పెద్దది, ఊళ్ళో అందరి పొలాల్లో నాట్లకీ కోతలకీ కూలికి వెళ్ళే మనిషి, కుడిచేతి బొటనవేలు సగం ఎప్పుడో కొడవలికి పోయింది. పొద్దున ఏడింటి నుంచి ఇక్కడే ఉందట.

"ఉని, నువ్వెందుకొచ్చావు?" అన్నాను. ఉని అంటే అక్క, వయసులో పెద్దది కాబట్టి అలాగే పిలుస్తాను.

"చూద్దామని."

"ఏం చూస్తావు, ఇక్కడేమన్నా సినిమా ఆడిస్తున్నారా?"

"నువ్వు సంతకం ఎట్లా పెడతావో చూద్దామని. పెట్టను, పెట్టను అని మూడేళ్ళు అరిచిన మనిషివి కదా."

నవ్వింది. దెప్పిపొడిచిందా, ఊరికే అందా, ఆ మొహంలో ఎప్పుడూ తెలియదు. నా పెట్టె తెరిచి జిగురన్నం ఆమెకిచ్చాను. ఆకు విప్పి, సగం తుంచి, మిగతా సగం నా ఒళ్ళో పెట్టింది. ఒకరిచ్చింది మొత్తం ఎప్పుడూ తీసుకోదు.

ఇరవై నాలుగు. నిన్న కాగితాలు సరిచూసుకోమని పిలిచారు. అందులో ఒక గడి ఉంది, ఈ భూమి మీకు ఎలా సంక్రమించింది, వారసత్వమా, కొనుగోలా, దానమా, ఒకదానికి టిక్కు పెట్టండి. ఎద్వార్ వారసత్వానికి టిక్కు కొట్టి కాగితం తిప్పేశాడు. నా చూపు అక్కడే ఆగిపోయింది, ఇంకా అక్కడే ఉంది. నిన్నటిదాకా నాకు ఏ అనుమానమూ లేదు. లేదనే అనుకుంటున్నాను. కానీ ఆ గడి చూడగానే ఒక ఇత్తడి పళ్ళెం కనపడింది. పళ్ళెంలో తమలపాకులు, ఆకుల మీద బంగారం. ఒక ముసలి కంసాలి వేళ్ళకి చిన్న త్రాసు వేలాడేసుకుని, పన్నెండు ఎమాసులు, కొంచెం మొగ్గే ఉంది అన్నాడు. ఎమాస్ అంటే రెండున్నర గ్రాములు, మా తూకం. పళ్ళేనికి ఇటు మా అమ్మమ్మ, అటు ఇంకో ఆడమనిషి, తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. నేను మెట్ల కింద కూర్చుని ఉడకబెట్టిన మొక్కజొన్న తింటున్నాను, చెక్కల సందుల్లోంచి అన్నీ కనపడుతున్నాయి, ఆరేళ్ళుంటాయేమో నాకు, ఏడేమో. అమ్మమ్మ చెయ్యి చాపింది. బంగారం ఇటునుంచి అటు పోయింది. వాగు మలుపు మడి, అంది ఎవరో. అంతే. ఆ తర్వాత అంతా మొక్కజొన్న రుచి.

మా దగ్గర వంశపు భూమి అమ్మరు. తప్పనిసరైతే బంగారానికి తాకట్టు పెడతారు, తప్పనిసరి అంటే నాలుగే, ఇంట్లో శవం ఉండి చేతిలో ఏమీ లేకపోతే, పెద్దిల్లు కూలిపోతుంటే, ఈడొచ్చిన పిల్ల పెళ్ళి ఆగిపోతే, వంశానికి దాతుక్‌ని నిలబెట్టాల్సి వస్తే. బంగారం ఇచ్చినవాళ్ళు పొలం దున్నుకుంటారు. ఆ బంగారం తిరిగి తెచ్చిన రోజున పొలం తిరిగి ఇచ్చెయ్యాలి, పదేళ్ళకి తెచ్చినా సరే, మనవరాళ్ళ మనవరాళ్ళు తెచ్చినా సరే. కాగితాలుండవు, ఉన్నవి చెదలు తిన్నాయి, మగవాళ్ళేమో వ్యాపారాలకి ఊళ్ళు పట్టి పోతారు. గుర్తుపెట్టుకోవాల్సింది ఆడవాళ్ళు. ఆ గుర్తే దస్తావేజు. అదే ఇప్పుడు నా ప్రాణం తీస్తోంది. బంగారం మా చేతినుంచి పోయింది, అంతవరకూ ఖాయం. కానీ ఎందుకు పోయింది? మాదే అయిన మడిని, అంతకుముందెప్పుడో వాళ్ళ దగ్గర తాకట్టు పెట్టిన దాన్ని, ఆ రోజు విడిపించుకున్నామా? లేక వాళ్ళ మడిని ఆ రోజు మేం తాకట్టు పట్టామా? రెండింటికీ బంగారం ఒకే వైపు పోతుంది. అదే పళ్ళెం, అదే త్రాసు. విడిపించుకుని ఉంటే మేం యజమానులం, నా సంతకం నిజం. పట్టి ఉంటే మేం కేవలం దున్నుకుంటున్నవాళ్ళం, ఏడు తరాల అమ్మమ్మలు మావాళ్ళు కారు, నేను మూడేళ్ళు ఇంకొకళ్ళ అమ్మమ్మల్ని భుజానికెత్తుకుని ఊరేగాను.

ఇరవై తొమ్మిది. రెండు వరసల ముందు మెల్ది కూర్చుంది, చంటిపిల్లకి అట్టపెట్టె మూతతో విసురుతోంది. నా చెల్లెలి కూతురు. చెల్లెలు పోయింది, నాకు ముగ్గురూ మగపిల్లలే, కాబట్టి మా వంశానికి మిగిలిన ఒకే ఒక్క ఆడది మెల్ది, ఇప్పుడు ఆ పిల్లకి ఒక పిల్ల. దాని మొగుడు మలేషియా పోయి, మొదటి ఏడాది మాత్రం ఫోను చేశాడు. వాగు కింద ఎవరో సొంత డబ్బుతో కొనుక్కుని, ఇప్పుడు అమ్మకానికి పెట్టిన చిన్న మడి ఒకటి మెల్ది చూసుకుంది, ఈ పరిహారం రాగానే కొనాలి, బియ్యం కొనుక్కుని తినే బతుకు రాకుండా ఉంటుంది. మిగతా మా మడులు రెండూ గట్టున పెసలకి తప్ప పనికిరావు. పోయిన వారం ఆ చిన్న మడి చూపించడానికి నన్ను తీసుకెళ్ళి, గట్టు మీద నిలబడి, "మక్‌తువో, ఇక్కడ నీళ్ళు ఎప్పుడూ ఎండవట" అంది. పెద్దమ్మా అని ఆ పిల్ల పిలిచే పిలుపు మా చెల్లెలి గొంతే. దాని కాళ్ళు బురదలో ఉన్నాయి, మొహం వెలిగిపోతోంది. ఆ మొహం గురించి ఆలోచించకూడదు. ఆలోచిస్తే జ్ఞాపకం మనకి కావలసిన వైపుకి వంగుతుంది.

విడిపించుకునే ఉంటాం. ఎందుకు కాదు? అమ్మమ్మ గట్టి మనిషి, మడిని పరాయిచేతిలో ఉంచేది కాదు. మరి ఆ ఏడ్చే ఆడమనిషి? దున్నుకుంటున్న పొలం పోతే ఎవరైనా ఏడుస్తారు. మరి ఆ పైన, మెట్ల పైన, గదిలో పడుకోబెట్టి ఉన్నదెవరు? ఒకదాని మీద ఒకటి ఏడెనిమిది బట్టలు కప్పి ఉన్నాయి, పాదాలు కిటికీ వైపు, ఎవరో ఖురానులోంచి యాసీన్ చదువుతున్నారు. శవం. ఇంట్లో శవం ఉంటే విడిపించుకునే రోజు కాదది, తాకట్టు పెట్టే రోజు. కాదు, రెండు రోజులు కలిసిపోయాయి నా బుర్రలో, ఆ శవం మా తాతది, తాత కూడా ఆ రోజుల్లోనే పోయాడు, అవును, అమ్మ జుట్టు విరబోసుకుని. ఇక్కడ గట్టిగా పట్టుకున్నాను, హమ్మయ్య అనుకున్నాను, సంతకం పెట్టొచ్చు. మళ్ళీ జారింది. తాత మా ఇంటి మనిషి కాదు. మొగుడు భార్య ఇంటికి అతిథి. తాత కన్నుమూసిన గంటకే ఆయన అక్కచెల్లెళ్ళు వాళ్ళ ఇంటి మంచం మోసుకుని వచ్చారు, ఆయన్ని ఎత్తుకుని తమ తల్లి ఇంటికి తీసుకుపోయారు, అమ్మమ్మ మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. మా ఇంట్లో బట్టలు కప్పి యాసీన్ చదివింది లేదు. ఆ పాదాలు తాతవి కావు. ఆ ఇల్లు మాది కాదు. మా ఇంటి మెట్ల కింద కోళ్ళ గూడు ఉండేది, అక్కడ కూర్చుని తినడానికి చోటే లేదు.

ఎద్వార్ బయట సిగరెట్టు కాల్చి లోపలికి వచ్చాడు. పట్నంలో వాడికి చెప్పుల కొట్టు, మధ్యాహ్నం బస్సుకి పోవాలి. రమ్మని సైగ చేసి కుర్చీల వెనక్కి తీసుకెళ్ళాను.

"ఎద్వార్, పెద్ద మడి మనకెట్లా వచ్చింది?"

"ఇప్పుడా అడగడం?"

"అమ్మమ్మ నీకేమన్నా చెప్పిందా, దాతుక్ అయిన రోజున?"

"చెప్పింది, ఎక్కువ మాట్లాడకు అని." చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "ఉని, అరవై ఏళ్ళ కింద ఎవరెవరికి ఏమిచ్చారో తవ్వుతూ పోతే ఈ ఊళ్ళో ఒక్క మడికి యజమాని మిగలడు. దున్నింది మనం, పన్ను కట్టింది మనం. రోడ్డు వాళ్ళకి ఒక పేరు కావాలి, నీ పేరిచ్చాం. మెల్ది మొహం చూసి సంతకం పెట్టు."

"నాది కాకపోతే?"

"చట్టం చదువుకున్నదానివి నువ్వు. నేను చెప్పులమ్ముకునేవాణ్ణి. నన్నడుగుతావేంటి?"

చట్టం. అవును, చదివాను. ఆరో తరగతితో బడి మానేసినదాన్ని, ఈ రోడ్డు వచ్చాక అక్షరం అక్షరం కూడబలుక్కుని భూమి చట్టాలన్నీ చదివాను, ఆఫీసర్లకి సెక్షన్లు అప్పజెప్పి నోళ్ళు మూయించాను. అందులో ఒక పాత చట్టం ఉంది, మా అమ్మ కాలంనాటిది. ఏడేళ్ళు దాటి తాకట్టులో ఉన్న పొలాన్ని ఊరికే తిరిగి ఇచ్చెయ్యాలి, గ్రాము బంగారం అడగడానికి వీల్లేదు, పట్టినవాడు అప్పటికే తిన్నది చాలు. మా ఊళ్ళో ఎవరూ దాన్ని పాటించరు, పెద్దల ఆచారమే నడుస్తుంది. ఆ పేజీ నాకు బాగా గుర్తుంది. కుడివైపు పేజీ, కింద కాఫీ మరక. ఆ పేజీ దగ్గర నేను ఆగలేదు. మిగతా పుస్తకమంతా రెండు రెండుసార్లు చదివి గీతలు గీశాను, ఆ పేజీ మాత్రం గబుక్కున తిప్పేశాను. ఎందుకు తిప్పేశాను? ఆ రోజు కళ్ళు మండుతున్నాయి, దీపం సరిగ్గా లేదు. ఏదో ఒకటి అనుకుని ఉంటాను.

ముప్పై మూడు. తిరిగి వచ్చి కూర్చున్నాను. యుర్నిదా కళ్ళు మూసుకుని ఉంది, నిద్ర కాదు. ఈమె చేతులు చూస్తుంటే కోతలు గుర్తొస్తాయి. ఎవరూ పిలవకపోయినా పెద్ద మడి కోతకి మాత్రం ముందురోజే వచ్చి అడిగేది, పదికి ఒక పాలు కూలి, అందరితోపాటే. అందరూ కూలి వడ్లు మూట కట్టుకుని పోయాక ఈమె మాత్రం ఉండిపోయేది. పై గట్టు మీద నీళ్ళు కోసిన చోట మట్టి తెచ్చి వేసి, కాలితో తొక్కి, చేత్తో నునుపు చేసేది. ఒకసారి అన్నాను, వదిలెయ్ ఉని, దానికి కూలి లేదు అని. "గట్టుకి తెలీదు కదా కూలి సంగతి" అంది. కూలీ మనిషి గట్టు సర్దుతుందా ఎక్కడైనా? బుల్డోజర్ వచ్చిన రోజు ఊరంతా రోడ్డు మీద అడ్డంగా కూర్చుంటే ఈమె ఒక్కతే పెద్ద మడి మధ్యలోకి నడిచి, ఆకుమడి పక్కన బురదలో కూర్చుంది, మొక్కలు తొక్కకుండా. అక్కడెందుకు కూర్చున్నావు, టీవీ వాళ్ళకి కనపడవు అని నేను కేకలు వేశాను. కదల్లేదు. నేను దాన్ని ధైర్యం అనుకున్నాను, ఉపన్యాసంలో చెప్పాను కూడా, చూడండి, తనదంటూ సెంటు భూమి లేని ఈ అక్క మన కోసం బురదలో కూర్చుంది అని. అందరూ చప్పట్లు కొట్టారు. ఈమె తల వంచుకుని కాళ్ళకంటిన మట్టి గీక్కుంటోంది. నేను ఆ మాటంటున్నప్పుడు ఈమెకి లోపల ఎట్లా ఉండి ఉంటుంది? ఇప్పుడు నా చెవులు కాలుతున్నాయి. నాలుక ఎండిపోయింది. గ్లాసు మూత గోటితో గీకితే ఊడదు, ఊడదు, చివరికి ఊడి నీళ్ళు సగం చీటీ మీద పడ్డాయి.

అమ్మమ్మ చేతికి ఒక కడియం ఉండేదని అమ్మ చెప్పేది. నేను చూసింది బోసి చెయ్యే, మణికట్టు దగ్గర చర్మం ఒక పట్టీలాగా తెల్లగా, మెత్తగా ఉండేది, నేను అక్కడ వేలితో రాస్తుండేదాన్ని. కడియం ఏదే అమ్మమ్మా అంటే, పొలం దున్నుతోందే అనేది. నవ్వేవాళ్ళం. బంగారు కడియం నాగలి పట్టుకుని దున్నుతున్నట్టు బొమ్మ కట్టుకునేదాన్ని. మరి ఎప్పుడొస్తుంది అంటే. ఆ మాట. ఆ మాటే కదా ఇందాకటి నుంచీ గొంతు దాకా వచ్చి ఆగిపోతోంది. అలిసిపోయినప్పుడు అదే ఇంటికొస్తుందిలే, అనేది. ఇంటికొస్తుంది. పొలాన్ని విడిపించుకోవడానికి ఇచ్చిన బంగారం ఇంటికి రాదు, అది అయిపోయిన బాకీ. తిరిగి వచ్చేది అప్పుగా ఇచ్చిన బంగారమే. వాళ్ళు తెచ్చి ఇస్తే వచ్చేది. అమ్మమ్మ ఎదురుచూస్తూనే ఉంది, ఆ ఇంటివాళ్ళు తేలేకపోయారు, అమ్మమ్మ పోయింది, అమ్మ పోయింది, చెల్లెలు పోయింది, కడియం ఇంకా దున్నుతూనే ఉంది.

"ఉని," అన్నాను. "నాకు ఆరేడేళ్ళప్పుడు మీ ఇంట్లో ఎవరు పోయారు?"

యుర్నిదా కళ్ళు తెరవలేదు. "మా మామ. అమ్మ తమ్ముడు. కొబ్బరి చెట్టు మీంచి పడ్డాడు. మా దాతుక్ ఆయనే, అందుకని ఊరు ఊరంతా వచ్చింది, అందరికీ అన్నం పెట్టాలి."

"ఆ రోజు నేను మీ మెట్ల కింద మొక్కజొన్న తిన్నానా?"

"తిన్నావు. శవాన్ని చూసి జడుసుకుని ఏడుస్తుంటే నేనే ఉడకబెట్టి ఇచ్చా. ఉప్పు లేదని ఇంకా ఏడ్చావు."

ముప్పై ఆరు అని పిలిచారు. ఎవరో లేచారు, కుర్చీ పడింది, ఎత్తారు. నేను ఏమి అడగాలో వరసగా పెట్టుకోలేకపోయాను, అన్నీ ఒకేసారి వస్తున్నాయి.

"ఎందుకు చెప్పలేదు ఇన్నేళ్ళూ?"

"ఏమని చెప్పను? చేతిలో బంగారం పట్టుకొచ్చి చెప్పాలి ఆ మాట. ఒట్టిచేతుల్తో మీ ఇంటికొచ్చి పొలం మాదమ్మా అంటే దాన్ని అడుక్కోవడం అంటారు. మా అమ్మ అడుక్కోలేదు. నేనెందుకు అడుక్కుంటా?"

"మరి నా వెనక మూడేళ్ళు తిరిగావు. ఏడు తరాల అమ్మమ్మలు అని నేనరుస్తుంటే."

"అమ్మమ్మలు నిజమేగా. ఎవరివాళ్ళన్నది తప్ప." కళ్ళు తెరిచింది. "నువ్వు బాగా అరుస్తావు. నేనైతే ఆ సాతె రేటుకే వేలిముద్ర వేసి ఇంటికి పోయేదాన్ని. ఎవరు అరిస్తేనేం, నా మడి కోసం ఒకళ్ళు అరుస్తున్నారు కదా అనుకున్నా." నా వైపు తిరక్కుండానే అడిగింది. "నీకెప్పుడు గుర్తొచ్చింది?"

"ఇప్పుడే," అన్నాను. "ఇక్కడ కూర్చున్నాకే."

ఆమె చేతిలోని అరటాకుని మడిచింది.

ఇప్పుడేం చెయ్యాలి. సంతకం పెట్టేసి, డబ్బు వచ్చాక ఈమెకి ఇచ్చెయ్యొచ్చు. ఎక్కడ ఇస్తాను, అది పడేది వంశపు ఖాతాలో, ఎద్వార్ కలం లేకుండా పైసా కదలదు. సగం సగం అనొచ్చు. ఎవరి సగం ఎవరికి దానం చేస్తాను. ఆచారం ప్రకారం పన్నెండు ఎమాసులు తీసుకుని మిగతాది వదిలెయ్యాలి, పన్నెండు ఎమాసులతో మెల్దికి మడి రాదు, ఒక మూల గట్టు వస్తుంది. నిజం చెబితే? నిజం చెబితే ఈ జావా ఆఫీసరు ఏమంటాడో నాకు తెలుసు, నేనే ఊరందరికీ నేర్పాను, ఒక పొలానికి రెండు పేర్లు వస్తే దాన్ని గొడవ అంటారు, గొడవైతే డబ్బు కోర్టులో పడుతుంది, పొలం మాత్రం ఆగదు. అప్పుడు ఈమెకీ లేదు, మాకూ లేదు, సంవత్సరాలు. నిజం చెప్పడం అంటే ఇద్దరి నోట్లోనూ మట్టి కొట్టడమా? మరి నోరు మూసుకుంటే ఆ మట్టి ఈమె ఒక్కదాని నోట్లో. తల తిరుగుతోంది. ఆ ఫ్యాన్ ఇటు తిప్పమని ఎవరైనా చెప్పండి. ఎవడి మీదైనా అరవాలని ఉంది, ప్రభుత్వం మీద, రోడ్డు మీద, కొబ్బరి చెట్టు మీద. మూడేళ్ళు నా ఎదురుగా ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండేవాళ్ళు. ఈ రోజు ఎదురుగా ఎవరూ లేరు, తిరిగి చూస్తే నేనే ఉన్నాను.

"నలభై ఒకటి. ఇబూ మర్నిస్."

లేచాను. హాల్లో ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, పోరాడిన మనిషి కదా, ఇంకొందరు కలిశారు. ఆ చప్పట్లలో నడిచి బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆఫీసరు కూడా నవ్వుతూ కాగితం నా వైపు తిప్పి, వేలితో చోటు చూపించాడు. "ఇక్కడ, ఇబూ. ఇక మనిద్దరికీ తగాదా లేదు."

"పాక్, ఈ మడి మాది కాదు," అన్నాను. "మా దగ్గర తాకట్టులో ఉంది. ఆ కూర్చున్న యుర్నిదా వాళ్ళది."

చప్పట్లు ఒక్కసారి ఆగలేదు, ముందు వరస ఆగింది, వెనకవాళ్ళకి వినపడక కొట్టారు, తర్వాత వాళ్ళూ ఆగారు. ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "అంటే గొడవ ఉందంటారా?"

"గొడవేం లేదు. ఆమెదే అని నేనంటున్నాను. ఆమె కూడా అదే అంటుంది. ఇద్దరిదీ ఒకే మాటైతే గొడవ ఎట్లా అవుతుంది?"

"జాబితాలో మీ పేరుంది. ఇంకో పేరు వచ్చిందంటే మా లెక్కలో గొడవే. పేరు మార్చడం నా చేతిలో లేదు, ఇబూ. సాయంత్రం నాలుగు లోపు రాతపూర్వకంగా ఆక్షేపణ ఇస్తే పైకి పంపుతాను. మీ పెద్దల సభ ఒప్పుకుంటే మారొచ్చు. ఒప్పుకోకపోతే కోర్టే. పని మాత్రం సోమవారం మొదలవుతుంది." గొంతు తగ్గించాడు. "ఆలోచించుకోండి. సంతకం పెడితే ఇప్పుడే అయిపోతుంది."

ఎద్వార్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. "ఉని, ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం. అందరూ చూస్తున్నారు."

"చూడనీ."

"మెల్దికి నువ్వే చెప్పుకో అయితే."

మెల్ది చంటిపిల్లని భుజాన వేసుకుని లేచి నిలబడి ఉంది. నా వైపు చూసింది. తిట్టి ఉంటే బాగుండేది. పిల్ల చేతిలో ఉన్న అట్టమూత కింద పడితే వంగి తీసుకుని, మళ్ళీ నా వైపు చూడకుండా కూర్చుంది. నేను కాగితం అడిగాను. ఆఫీసరు సొరుగులోంచి ఆక్షేపణ కాగితం తీసి ఇచ్చాడు. ఈ కాగితాలు నేను ఈ ఊళ్ళో ఎంతమందికి నింపిపెట్టానో లెక్క లేదు, నిద్రలో లేపినా నింపగలను. ఆక్షేపించేవారి పేరు, మర్నిస్. ఎవరి మీద ఆక్షేపణ, మర్నిస్. అక్కడ చెయ్యి ఆగలేదు, ఆగుతుందనుకున్నాను. ఆఫీసరు తలకిందులుగా చదువుతూ, "నా సర్వీసులో తన మీద తనే ఆక్షేపణ పెట్టుకున్నవాళ్ళని చూళ్ళేదు" అన్నాడు, ఎవరితోనో కాదు, తనలో తనే. కారణం అన్న చోట మూడు గీతల జాగా ఉంది. ఈ మడి యుర్నిదా తల్లిది, మా అమ్మమ్మ దగ్గర పన్నెండు ఎమాసుల బంగారానికి తాకట్టులో ఉంది, అని రాశాను. ఇంకా ఒక గీత మిగిలింది. ఆక్షేపణ ఇన్నాళ్ళూ ఎందుకు తెలపలేదు, అని దాని కింద సన్నక్షరాల్లో అడుగుతోంది. ఈ విషయం నాకు ఈ రోజే తెలిసింది, అని రాశాను.

రాసి చూసుకున్నాను. సిరా ఇంకా తడిగా ఉంది. నా వెనక యుర్నిదా వచ్చి నిలబడింది, ఆమెకి చదవడం రాదు, అయినా కాగితం వైపే చూస్తోంది. గబుక్కున తిప్పేసిన ఆ పేజీ. వదిలెయ్ ఉని, దానికి కూలి లేదు అన్నప్పుడు నా గొంతులో ఉన్న ఆ తొందర. తెలియని మనిషికి ఆ తొందర ఎందుకు? పెన్ను మళ్ళీ తీసుకుని ఆ వాక్యం మీద అడ్డంగా గీత కొట్టాను. పక్కన రాయడానికి జాగా చాల్లేదు, చిన్న అక్షరాలతో ఇరికించాను. ముందే తెలుసు.

ఆఫీసరు కాగితం అందుకుని, చివరిదాకా చదివి, మళ్ళీ నా వైపు తిప్పాడు.

"కొట్టివేత ఉంది కదా ఇబూ," అన్నాడు. "దాని పక్కన మీ సంతకం కావాలి."

పెట్టాను.